దొయిమతి చేను తాగిన వాన

ఇరవై రెండేళ్లుగా నేను ట్రాక్టరు తోలుతున్నాను. అద్దంకి అవతల మా మెట్ట ఊళ్లో తిరిగే కత్తులతో మట్టిని పొడిచేసే రోటావేటర్ మొదట తెచ్చింది నేనే. "సాంబయ్య దున్నితే నేల గోధుమపిండిలా ఉంటది" అని చుట్టుపక్కల నాలుగూళ్లలో చెప్పుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మీసం దువ్వుకోవాలనిపించేది.

ఈ ఏడు ఆషాఢం సగం గడిచినా మాకు చినుకు లేదు. ట్రాక్టరు షెడ్డులోనే ఉంది. మా ఆవిడ సుగుణ ఒకరోజు అన్నం వడ్డిస్తూ అంది. "పెళ్లయిన కాణ్నుంచీ అరకు అరకు అంటన్నా. వానొస్తే ట్రాక్టరెక్కుతారు. రాకపోతే ఆకాశం వంక చూస్తా కూర్చుంటారు. ఆ చూసేదేదో అక్కణ్నుంచి చూడొచ్చుగా!"

ఆ వారమే టిక్కెట్లు తీశాను. బయల్దేరాం.

బొర్రాలో చుక్క

విశాఖపట్నంలో పొద్దున్నే రైలెక్కాం. శృంగవరపుకోట దాటాక రైలు ఆయాసపడుతూ కొండెక్కడం మొదలుపెట్టింది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలంతా ఒక్కసారిగా కేకలు. సుగుణ సొరంగాలు లెక్కపెడతానని వేళ్లు మడుచుకుంది. పన్నెండో పదమూడో అయ్యాక పనసతొనలమ్మే ఆమె రావడంతో బేరంలో పడి లెక్క మర్చిపోయింది. మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టడానికి రైలు వెనక్కి పోదు కదా అని రోజంతా విసుక్కుంది.

బొర్రా గుహల గురించి అందరూ చెప్పేదే. లోపలికి దిగుతుంటే కొండ మనల్ని మింగుతున్నట్టుంటుంది. కానీ నన్ను ఆపింది రాతి ఆకారాలు కాదు. నెత్తి మీద చల్లగా ఒక చుక్క పడింది. పైకి చూస్తే ఎక్కడో చీకట్లో రాయి చెమర్చి ఉంది.

"పైన కొండ మీద పడ్డ వాన సార్ అది. నెమ్మదిగా దిగుతాది," అన్నాడు మాతో వచ్చిన గైడు.

అంత కొండ. పైన చెట్లు, మట్టి, రాయి. అదంతా దాటుకుని చుక్క కిందికి దిగివచ్చింది. మా చేలో అయితే పెద్ద వాన పడ్డా వారానికి తడి ఉండదు. ఆ సంగతి అప్పుడు పైకి అనలేదు గానీ, బయటికొచ్చి బొంగులో చికెన్ తింటున్నంతసేపూ మనసులో అదే తిరిగింది. చికెన్ మాత్రం అమోఘం. నూనె చుక్క లేదు, వెదురు వాసన ముక్కలోకి దిగి ఉంది. ధర వినగానే సుగుణ కళ్లు పెద్దవి చేసింది, తిన్నాక ఇంకో బొంగు చెప్పింది.

అరకు సంతలో

రెండో రోజు సంత. అంత చల్లటి పొద్దుటిపూట అంతమంది ఆడవాళ్లు తలల మీద బుట్టలతో కొండ దిగి రావడం చూసి అక్కడే నిలబడిపోయాం. అల్లం, పసుపు, చీపుళ్లు, చింతపండు, అడ్డాకుల కట్టలు. మా వైపు అల్లం కొనే ధరలో ఇక్కడ సగం కూడా లేదు.

ముక్కుకి మూడు పుడకలు పెట్టుకున్న ఒకావిడ దగ్గర సుగుణ చిక్కుడు గింజలు బేరం చేసింది. ఆవిడకి యాభై అయిదు పైన ఉంటాయి. పేరు దొయిమతి. మానికతో కొలిచేటప్పుడు గింజలు అంచు దాటి జారిపడేదాకా పోస్తూనే ఉంది. మా ఊళ్లో మానిక మీద చెయ్యి పెట్టి సరిచేస్తారు, గింజ ఎక్కువ పోదు.

"ఎక్కువైంది తల్లీ," అంది సుగుణ.

"ఉండనీ అమ్మా. కిందకి జారింది నీదే," అందావిడ.

జలపాతం చూద్దామని ఆటో మాట్లాడుకుంటే, ఆ ఆటో సుందర్రావుది. దొయిమతి కొడుకు. పాతికేళ్లవాడు, ఉషారైనవాడు. "ముందు మాయమ్మని ఇంటికాడ దింపేత్తాను సార్, దారే. బేగి ఎలిపోదాం," అన్నాడు. ఊరింకా అరకోసు దూరం ఉందనగా గెడ్డ దగ్గర టైరు పంచరైంది. స్టెప్నీ అడిగితే ఇంట్లో ఉందన్నాడు. అదెందుకు ఇంట్లో ఉందో మాత్రం చెప్పలేదు. గెడ్డలో నీళ్లు మడమల్లోతు కూడా లేవు. రాళ్ల మీద అడుగులేసుకుంటూ, బుట్టలు తలా ఒకటి పట్టుకుని, నలుగురం నడిచి ఊరు చేరాం. ఆ రోజు జలపాతం అంతటితో సరి.

అంబలి

ఇల్లు మట్టి గోడలది. కింద ఎర్రమన్ను, పైన తెల్లమన్ను పూసి గీత గీసినట్టు ఉంది. లోపల గోడకి చర్చి వాళ్ల క్యాలెండరు. మేం కూర్చోగానే కాఫీ వస్తుందనుకున్నాను, చుట్టూ కాఫీ తోటలే కదా. వచ్చింది చోడి అంబలి, మేం రాగులనేదే ఇక్కడ చోడి. ఎండిన ఆనపకాయ బుర్రలోంచి గిన్నెల్లోకి వంచింది దొయిమతి. మా వైపు రాగి జావలో మజ్జిగ, ఉల్లిపాయ వేస్తాం. ఇక్కడ పులిసిన అంబలి, పక్కన కాల్చిన ఎండు చేప. కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేశాక గానీ ఎవరూ గిన్నె ముట్టలేదు. అది తెలియక నేను అప్పటికే సగం తాగేశాను. సుగుణ నా మోకాలి మీద గిల్లింది.

"ఏటి పని మీది?" అని అడిగింది దొయిమతి.

ట్రాక్టరు, ఇరవై ఏళ్లుగా రోటావేటర్ అని చెప్పగానే సుందర్రావు లేచి నిలబడ్డాడు. "సూసినావా అమ్మా! సార్ ఇరవై ఏళ్ల నుంచి రోటావేటర్ తోలతన్నారంట. మీరే సెప్పండి సార్ మాయమ్మకి."

అప్పుడు తెలిసింది సంగతి. వాళ్లకి వాలు మీద రెండు ముక్కల చేను ఉంది. రెంటికీ మధ్య రాతిగట్టు. అవతలి ముక్క రెండేళ్లుగా సుందర్రావు కింద నుంచి చిన్న ట్రాక్టరు పిలిపించి రోటావేటర్‌తో దున్నిస్తున్నాడు. ఇవతలి ముక్క తల్లిది. ఎడ్లతో, కర్ర నాగలితో, వాలుకి అడ్డంగా ఒక్కసారే దున్నుతుంది. పోయిన పంట మోళ్లు అలాగే వదిలేస్తుంది. మొన్న వేసవిలో రెండెద్దుల్లో ఒకటి చచ్చిపోయింది. ఈసారి పొరుగువాళ్ల ఎద్దుని అరువు తెచ్చుకుని దున్నింది. రెండు ముక్కల్లోనూ చోడి నారు నాటారు. పైన వలిసెలనే నూనెగింజలు వేసే చిన్న నేల చెక్క ఒకటి దున్నకుండా మిగిలింది. ఎల్లుండి ట్రాక్టరు వస్తుంది, ఆ చెక్క దున్నాలి. వచ్చే ఏడు నుంచి తల్లి ముక్క కూడా.

"ఆవిడ మోకాళ్లు సూడండి సార్," అన్నాడు సుందర్రావు మెల్లగా. "నాగలెనక నడిసిన్రోజు రేత్రి నిద్దరుండదు. ఎద్దు లేదు. ఎన్నాళ్లని?"

అతని మాటలో తప్పేం కనిపించలేదు నాకు. "ట్రాక్టరే మేలమ్మా," అనేశాను. "నేల మెత్తబడుతుంది, వేరు బాగా దిగుతుంది."

దొయిమతి నా వైపు చూసి, "రేపు సేనుకి రా బాబూ. సూసి సెప్పు," అంది.

ఇంట్లో ఉన్న స్టెప్నీలో కూడా గాలి లేదని తేలింది, వెనక్కి వెళ్లడానికి ఆటో లేదు. ఆ పూట అక్కడే ఉండిపోయాం.

మోచేతి దాకా

పొద్దున్నే చేనుకి వెళ్లాం. కింద లోయలో పొగమంచు ఇంకా కదల్లేదు. పన్నెండు రోజులుగా ఇక్కడా వాన లేదట. సుందర్రావు ముక్కలో చోడి మొక్కలు ఆకులు చుట్టుకుని ఉన్నాయి. గట్టు దాటితే అవే మొక్కలు, అదే నారు, ఒకే వారంలో నాటినవి, ఆకులు విప్పుకుని నిలబడ్డాయి.

"నీడేమైనా పడుతుందా ఇటు?" అని అడిగాను. చుట్టూ చూస్తే చెట్టే లేదు.

దొయిమతి తన ముక్కలో కూర్చుని, పాత మోళ్ల మధ్య మట్టిలోకి వేళ్లు గుచ్చింది. తర్వాత అరచెయ్యి. తర్వాత మణికట్టు. గట్టిగా నొక్కింది కూడా లేదు. చెయ్యి మోచేతి దాకా దిగిపోయింది. ఆమె బయటికి తీసినప్పుడు వేళ్లకి నల్లటి తడి మట్టి అంటుకుని ఉంది.

నేను కూడా చెయ్యి పెట్టాను. లోపల చల్లగా ఉంది. మట్టి పొడిగా లేదు, ముద్దగా లేదు, చిన్న చిన్న గుళ్లుగా, మధ్యలో సందులుగా ఉంది. ఏదో వేళ్ల మీదుగా పాకింది. తీసి చూస్తే వానపాము. ఒక మోడు లాగితే దాని వేరు పోయిన చోట పెన్సిలంత బొరియ నిలువునా కిందికి పోయింది. అలాంటివి జానెడు చోట ఆరు కనిపించాయి. ఇన్నేళ్లలో నేను ఎన్ని వేల ఎకరాలు దున్నానో తెలీదు. నేలలోకి చెయ్యి పెట్టింది మాత్రం అదే మొదటిసారి.

తర్వాత అవతలి ముక్క. పైన బెత్తెడు మేర మెత్తగా ఉంది, సరిగ్గా నేను మెచ్చుకునే పిండిలాంటి మట్టి. పై పొర మాత్రం ఎండి అప్పడంలా పెచ్చు కట్టింది. వేళ్లు బెత్తెడు దిగి ఠక్కున ఆగిపోయాయి. సుందర్రావు గునపం తెచ్చాడు. పొడిస్తే రాయికి తగిలినట్టు చప్పుడు. రోటావేటర్ కత్తులు తిరిగే లోతుకి సరిగ్గా కింద గట్టి పొర. ఒక మొక్క తీసి చూస్తే వేరు ఆ పొర దాకా దిగి, పక్కకి తిరిగి, నేల మీద పడుకున్నట్టు పాకింది.

"తొలేడు బాగా పండింది సార్," అన్నాడు సుందర్రావు. "మాయమ్మ ముక్క కంటే ఎక్కువే. అందుకే..."

అతను అబద్ధం చెప్పడం లేదు. మా చేలో కూడా మొదటి రెండు మూడేళ్లు అలాగే పండింది.

దొయిమతి రెండు ముక్కల్లోంచీ ఒక్కో మట్టిగడ్డ తీసి, రెండు గిన్నెల నీళ్లలో వేసింది. కొడుకు మట్టి చూస్తుండగానే విడిపోయి బురదయింది. ఆమె మట్టి నీళ్లలో గడ్డలాగే కూర్చుంది. చుట్టూ నీళ్లు తేటగా ఉన్నాయి.

"గోడకి మట్టి ఎంచేటప్పుడు ఇలాగే ఏసి సూత్తాం," అంది. "కరిగిపోయిన మట్టి అలుక్కోడానికి మంచిది బాబూ. సేనుకి కాదు."

నాకు మా చేను గుర్తొచ్చింది. పోయిన ఏడు ఒక్క రోజు దంచి కొట్టిన వాన. నీళ్లన్నీ చేలోంచి రోడ్డు మీదికి ఎర్రగా పోయాయి. వారం తిరక్కుండా కంది వాడింది. వాన తక్కువైందని అందరం అనుకున్నాం. పడ్డ వాన చేలోకి దిగలేదని ఎవరికీ తట్టలేదు. ఆ చేలు దున్నింది నేను. నాలుగూళ్లవీ.

"నిన్న నేను చెప్పింది వెనక్కి తీసుకుంటున్నానమ్మా," అన్నాను. సుగుణ ఆశ్చర్యంగా నా వైపు చూసింది. ఆ మాట ఆమెకి కూడా ఎప్పుడూ చెప్పలేదు మరి.

వాన

మధ్యాహ్నం అన్నాలయ్యాక కొండ మీంచి మబ్బు దిగింది. కబుర్లు చెప్పుకుంటూ ఉండగానే వాన మొదలైంది. మా వైపు వాన కాదది. పెంకుల మీద కంకర కుమ్మరించినట్టు చప్పుడు. పన్నెండు రోజుల బాకీ ఒక్క గంటలో తీర్చేటట్టు పడింది.

సుందర్రావు గుమ్మంలో నిలబడి చూస్తున్నవాడు ఒక్కసారిగా పార తీసుకుని పరిగెత్తాడు. వెనకాలే నేను. "ఏవండీ! జారతారు!" అని సుగుణ అరుస్తూనే ఉంది. పది గజాలు వెళ్లకుండానే జారాను. చొక్కా నిండా బురదతో లేచి మళ్లీ పరిగెత్తాను.

అతని ముక్క మీద నీళ్లు నిలబడ్డాయి, తర్వాత కదిలాయి. పై పెచ్చు మీదుగా జారుతూ చిన్న చిన్న పాయలయ్యాయి. పాయలన్నీ కలిసి నడిమధ్య ఒక కాలవ అయింది. ఎర్రగా, చిక్కగా, మొక్కల్ని వేళ్లతో సహా పెకలించుకుని గెడ్డ వైపు పోతోంది. మేమిద్దరం రాళ్లు, కొమ్మలు అడ్డం వేశాం. ఒకచోట ఆపితే ఇంకోచోట తెగింది. సుందర్రావు పార వదిలేసి, కొట్టుకుపోతున్న మొక్కల్ని రెండు చేతులతో ఏరి లుంగీలో వేసుకోవడం మొదలుపెట్టాడు. ఏడుస్తున్నాడో, ముఖం మీద వాన నీళ్లో తెలియలేదు. నేనూ వంగి ఏరాను.

ఆ వంగినప్పుడే గట్టు అవతల చూశాను. అదే వాన, అదే వాలు. మోళ్ల మీద చినుకులు పడి చెదిరిపోతున్నాయి. కింద నీళ్లు పారడం లేదు. ఒకచోట చిన్న బుడగలు లేస్తున్నాయి, నేలలోంచి గాలి బయటికొస్తున్నట్టు. నీళ్లు లోపలికి పోతుంటే లోపలున్న గాలి పైకొస్తోంది. చేను తాగుతోంది. వేరే మాట నాకు దొరకలేదు. అంత వాననీ, అంత ఆకాశాన్నీ, ఆ పాతిక సెంట్ల నేల చప్పుడు చెయ్యకుండా తాగుతోంది. కింది గట్టు దగ్గర బయటికొచ్చిన కాస్త నీరు కూడా తేటగా ఉంది.

నేను వానలో అలాగే నిలబడిపోయాను. బొర్రాలో అంత గుహ కింద నిలబడినప్పుడు కూడా నాకు ఒళ్లు ఇలా జలదరించలేదు.

పై చెక్క

మర్నాడు పొద్దున్న వాన వెలిసింది. గునపంతో రెండు వైపులా తవ్వి చూశాం. అతని ముక్కలో తడి నాలుగు వేళ్ల మేర, దాని కింద నిన్నటి పొడి అలాగే ఉంది. తల్లి ముక్కలో గునపం సగం దాకా దించినా తడి చివర దొరకలేదు.

దొయిమతి కొడుకుని ఒక్క మాట అనలేదు. లుంగీలో తెచ్చిన మొక్కల్ని నీళ్లలో ఉంచిందట. పొద్దున్నే సుగుణా ఆవిడా కూర్చుని తన ముక్కలో పలచగా ఉన్న చోట్ల నాటేస్తున్నారు. సుగుణ చోడి నారు నాటడం పుట్టి బుద్ధెరిగి అదే మొదటిసారి. సుగుణ నాటిన వరస పాములాగా పోయింది.

తొమ్మిదింటికి ట్రాక్టరు వచ్చింది. డ్రైవరు దిగకముందే సుందర్రావు ఎదురెళ్లాడు. "రోటావేటర్ ఒద్దన్నా. ఒగ్గేయ్," అన్నాడు. మాట అన్నాక తల్లి వైపు చూశాడు, తర్వాత నా వైపు. మొహం చిన్నబోయి ఉంది. "మరి ఎలాగ దున్నాలి సార్? ఎద్దు లేదు కదా."

ఆ ప్రశ్న దొయిమతిది కాదు. అది నా పని. డ్రైవరు దగ్గర నేలని గీరే మామూలు పళ్ల గొర్రు ఉందా అని అడిగాను. కింద షెడ్డులో ఉందన్నాడు. వెళ్లి తగిలించుకొచ్చాడు. దాని అయిదు పళ్లలో రెండు తీసేయించాను. లోతు బెత్తెడు కంటే మించకుండా బిగించాను. వాలుకి అడ్డంగా, కొండ ఒంపు ఎటు పోతే అటు, ఒక్కసారి. నేల మరీ తడిగా ఉందని మధ్యాహ్నం దాకా ఆగమన్నాను. తడిలో తొక్కితే కింద మళ్లీ గట్టిపడుతుందని నాకు తెలుసు, ఇన్నేళ్లూ తెలిసి కూడా ఏ రోజూ ఆగలేదు.

ఎండ కాసాక స్టీరింగు నేనే పట్టుకున్నాను. ఇంత నెమ్మదిగా, ఇంత తక్కువ దున్నడం నాకు చేతకాని పనిలా అనిపించింది. వెనక దొయిమతి కుంటుకుంటూ నడుస్తూ, అక్కడక్కడా వంగి చాళ్ల మధ్య చెయ్యి పెట్టి చూస్తోంది. రెండో తిరుగుడు కోసం బండి మలుపు తిప్పబోతుంటే చెయ్యెత్తింది.

"చాలు బాబూ. ఇంకేటీ సెయ్యకు."

ఇంజను ఆపేశాను. సగం నేల కదిలింది, సగం కదల్లేదు. గడ్డీ మోళ్లూ పైనే ఉన్నాయి. మా ఊళ్లో ఇలా దున్ని వస్తే నన్ను మళ్లీ ఎవరూ పిలవరు.

ఇంటికొచ్చాక

మేమొచ్చేసరికి మా దగ్గరా వాన పడింది. దున్నమని ఫోన్లు మొదలయ్యాయి. నా మూడెకరాల్లో ఒక ఎకరం దున్నకుండా, పాత మోళ్ల మధ్యే గొర్రుతో గీతలు గీసి కంది వేశాను. కలుపు బాగా వచ్చింది. సుగుణా నేనూ రెండుసార్లు చేత్తో తీశాం. దారినపోయేవాళ్లు ఆగి చూసి నవ్వారు. "ట్రాక్టరు రిపేరా సాంబయ్యా?" అన్నారు. పంట మిగతా రెండెకరాల కంటే ఎక్కువేం రాలేదు, కాస్త తక్కువే వచ్చింది. దాచాల్సిన పని లేదు కాబట్టి చెబుతున్నాను. వేరేవాళ్ల చేలు ఇప్పటికీ వాళ్లు అడిగినట్టే దున్నుతున్నాను. కాకపోతే తడి ఆరేదాకా ఆగమంటున్నాను, ఒకసారి చాలంటున్నాను. ఇద్దరు విన్నారు. ముగ్గురు వేరే ట్రాక్టరు పిలుచుకున్నారు.

కంది ఇంకా చేలో ఉండగానే, కార్తీకంలో సుందర్రావు ఫోన్ చేశాడు. పై చెక్కలో వలిసెలు పూశాయట, కొండంతా పసుపుపచ్చగా ఉందట. తెగిపోయిన ముక్కలో దున్నకుండానే ఉలవలు చల్లాడట. తల్లికి మోకాళ్లు అలాగే ఉన్నాయట. పొరుగువాళ్లతో కలిసి ఎద్దుని కొన్నారట.

తర్వాత దొయిమతి ఫోన్ తీసుకుంది. ఆరోగ్యం ఎలా ఉందని గానీ, పంట ఎలా ఉందని గానీ అడగలేదు.

"మీ నేల ఎలాగుంది బాబూ?"

నేనప్పుడు చేలోనే ఉన్నాను. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కూర్చుని, దున్నని ఎకరంలో వేళ్లు గుచ్చి చూశాను. నాలుగు నెలల కిందట బెత్తెడు దగ్గర ఆగేవి. ఇప్పుడు దానికింకో రెండు వేళ్ల కిందికి దిగి ఆగాయి.

"రెండు వేళ్లు దిగిందమ్మా," అన్నాను.

అవతల ఆవిడ ఎవరితోనో, బహుశా కొడుకుతో, పెద్దగా, సంతోషంగా చెబుతోంది. "రెండు వేళ్లు దిగిందంటరా!"